తరాజుల కూసున్న మా అమ్మ

నా చిన్నప్పుడు నేను కుళ్లుకున్నంతగ ఇంకే పిల్లా కుళ్లుకోలేదేమో. అదీ ఎవర్ని చూసి? మంచం పట్టిన మా నాయనమ్మను చూసి! ఆమెకు కడుపుల క్యాన్సరని దవాఖానల చెప్పిన్నాటి నుంచి మా అమ్మ నాకు కాకుండ పోయింది. గంజి తాపేది ఆమెకే, ఒళ్లు తుడిచేది ఆమెకే, పండేది ఆమె పక్కనే. నాకు జడ మా తాతయ్య వేసేటోడు, అదీ వంకరగ.

మేడారం జాతర దగ్గరికొచ్చింది. నాయనమ్మకు నయం కావాలని అమ్మ ఆమె ఎత్తు బంగారం మొక్కింది. బంగారమంటే బెల్లమే, అమ్మవార్లకిచ్చే బెల్లాన్ని మా దిక్కు అట్లనే అంటం. తాతయ్యది బెల్లం దుకాణమే. నాయనమ్మను ఎత్తుకొచ్చి పెద్ద తరాజుల ఒక దిక్కు కూసోబెట్టి, ఇంకో దిక్కు బెల్లం పెట్టి జోకి, మళ్ల లోపల పండబెట్టిన్రు. అంత బెల్లం ఆమెకేనా అని నాకు ఒళ్లు మండింది. "నన్ను గూడ జోకుండ్రి! నాకేం తక్కువ?" అని కాళ్లు కొట్టుకుంట ఏడ్సిన.

"నీకు గూడ రోగం రావాల్నానే?" అని అమ్మ చెయ్యెత్తింది. తాతయ్య ఆపిండు. "ఆగు బిడ్డా. జర నువ్వు కూసో, నీ పేర గూడ మొక్కుదాం" అని అమ్మకు తరాజు చూపిచ్చిండు. మామ ముందు తరాజుల కూసునుడేందని అమ్మ సిగ్గుపడ్డది. ఆయన ఇడువలే. కూసున్నదో లేదో, కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఒక్కటే ఏడుపు.

"అందరు అత్తమ్మకెట్లున్నదనే అడుగుతాన్రు మామా. నాకు గూడ జరమొచ్చి పండుకుంటే బాగుండనిపిస్తాంది. ఆమెను చూస్తే కుళ్లు పుడుతాంది. పాపిష్టిదాన్ని నేను."

తాతయ్య కోపం చెయ్యలే. "నువ్వెట్లున్నవని నేనన్నా అడగాల్సింది బిడ్డా" అని తల వంచుకొని బెల్లం ముద్దలు పెట్టుకుంట పోయిండు. అరె, అమ్మకు గూడ నా లెక్కనే కుళ్లా! నా ఏడుపు ఆగిపోయింది. నిజం చెప్పాలంటే అమ్మకు జోకిన బెల్లం చూసి గూడ జర కుళ్లుకున్న.

నాయనమ్మ ఆ ఎండాకాలం దాటలేదు.

ఇప్పుడు మా ఆయనకు అదే రోగం. పండ్లు పట్టుకొని వచ్చినోళ్లంత నన్ను దాటుకొని ఆయన మంచం కాడికే పోతరు. వాళ్లకు చాయ్ పోసుకుంట నేను లోపల్లోపల కుతకుత ఉడికిపోత. పాపిష్టిదాన్నని మాత్రం అనుకోను. మొన్న ఆయన మొహం మీదనే అనేసిన, "నిన్ను చూస్తే కుళ్లు పుడుతాందయ్యా" అని. ఆయన మెల్లగ పక్కకు జరిగి, ఆ మంచంల నాకింత జాగిచ్చిండు.