సమాన దూరంలో మరక

పద్మలత బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి సిరిసిల్లలో వాన వెలిసింది. గొడుగు ముడవాలన్న ధ్యాస ఆమెకు లేదు. కరీంనగర్ నుంచి దారి పొడవునా ఒకటే ఆలోచన. ఆ నక్షత్రాన్ని జాబితాలోంచి కొట్టేసి తప్పు చేశానా?

కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె ఫిజిక్స్ చెబుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. మిగిలిన వేళంతా హైదరాబాద్‌లోని గోపాల్ సార్ దగ్గర పరిశోధన. అంతరిక్షంలో తిరిగే ఒక టెలిస్కోపు వేల నక్షత్రాల వెలుగును కొలిచి కిందికి పంపుతుంది. ఆ కొలతలను ఎవరైనా తీసుకోవచ్చు. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటితే వెలుగు పిసరంత తగ్గి, మళ్ళీ నిండుతుంది. గ్రహం చుట్టు తిరిగి వస్తే మళ్ళీ తగ్గుతుంది. ఆ తగ్గుదలను వెతకడం ఆమె పని.

టెలిస్కోపు కూడా కుదురుగా ఉండదు. కొన్ని రోజులకోసారి తనను తాను సర్దుకుంటుంది. ఆ కుదుపుకు కొలత చెదిరి, లేని తగ్గుదల ఉన్నట్టు కనిపిస్తుంది. ఏది నక్షత్రానిది, ఏది యంత్రానిది, విడదీసే పని సార్ ఆమెకు అప్పగించాడు. ఆమె చేయి ఇందులో తొందరగా తిరిగింది.

తిరగదా మరి. ఆమె పుట్టి పెరిగింది సాంచాల మోతలో. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. తండ్రి అంబదాస్ నేసిన గుడ్డను బల్ల మీద పరిచి తప్పులు చూడటం చిన్నప్పుడు ఆమె వంతు. తప్పులు ఎక్కడంటే అక్కడ ఉంటే నూలువి. సమాన దూరంలో పడితే సాంచవి. బాపు ఒక్కసారే చెప్పాడు. తర్వాతి చదువులన్నీ ఆమె దాని మీదే పేర్చుకుంటూ వచ్చింది.

గ్రహం వల్ల తగ్గే వెలుగు కూడా సమాన దూరంలోనే తగ్గుతుందని ఆమెకు తెలియక కాదు. కాని కుదుపు పక్కనే, ఇంచుమించు కుదుపులంత ఎడంతోనే తగ్గుదల కనిపిస్తే, బుద్ధి కన్నా ముందు చేయి కదిలేది. అట్లా చాలా కొట్టేసింది. ఈ నక్షత్రాన్నీ కొట్టేసింది. సార్ అనుమానపడితే వాదించి మరీ కొట్టేసింది.

నేల మీది పెద్ద టెలిస్కోపులతో చూడవలసిన నక్షత్రాల పేర్లు సార్ ఈ సాయంత్రం పంపుతాడు. వాటిలో లేనిదాన్ని ఈ ఏడు ఎవరూ చూడరు. కొన్ని వారాల్లో అది సూర్యుడి వెనక్కి పోతుంది. నిన్నటి నుంచి ఆమెకు ఆ నక్షత్రమే మనసులో మెదులుతోంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. ఏదో సరిగ్గా అతకలేదన్న గుబులు, అంతే.

పొద్దున అవ్వ ఫోను చేసింది; తల్లిని ఆమె అట్లాగే పిలుస్తుంది. "మీ బాపు సాంచ ముంగట్నే కూసున్నడు. తిండి లేదు, తిప్పలు లేదు. నువ్వచ్చి జర చెప్పు బిడ్డా."

ఆదివారం. గదిలో ఒంటరిగా కూర్చోవడం కన్నా అదే నయమనుకుంది.

అవ్వ శంకరవ్వ గడపలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూతురిని చూసి గడ్డంతో లోపలికి చూపించింది. "పెండ్లిపిల్లకు నలుగు వెట్టినట్టు గా సాంచను రుద్దుతుండు. నన్నన్న ఒకనాడు గంత మంచిగ సూడకపాయె."

"నువ్వూకో. నీ బీడీలు నువ్వు జూస్కో," అన్నాడు లోపలి నుంచి అంబదాస్.

సాంచ ఆపి ఉంది. పక్క షెడ్లలో మోత ఆగలేదు. తెల్ల గుడ్డ మీద గోధుమరంగు మరక. కొంత దూరం పోయాక ఇంకోటి. మళ్ళీ ఇంకోటి.

"నూనె బిడ్డా. సాంచల ఏ పండ్ల చక్రం కక్కుతుందో దొరుకుతలేదు. అన్నీ ఇప్పి తుడిసిన. మళ్ళ పడుతంది. రేపు నూలిచ్చిన ఆసామి అచ్చి గుడ్డ సూస్తడు." తలెత్తి ఆమెను చూశాడు. "నీ మొకమేందే గట్లున్నది? నీ సాంచల గూడ నూనె వడ్డదా?"

"గట్లనే ఉన్నది బాపు."

"ఆకాశంలున్న సాంచకు నూనె ఎవలు పోస్తరు?" తన మాటకు తానే నవ్వి, మళ్ళీ గుడ్డ పట్టాడు.

మరకల ఎడం కొలవడానికి ఆయన ఒక దారం తెంపి పెట్టుకున్నాడు. పద్మలత ఆ దారం తీసుకుంది. మొదటి రెండు మరకల నడుమ పెట్టింది. సరిపోయింది. తర్వాతి వాటికీ సరిపోయినట్టే ఉంది. చివరి రెంటి దగ్గర పెట్టింది. దారం వేలి మందం మిగిలింది.

"బాపు, దూరం తగ్గుతంది."

"గుడ్డ సాగి ఉంటది."

"చక్రమైతే తగ్గది గదా."

ఆమె సాంచ వెనక్కి నడిచింది. నిలువు పోగు చుట్టిన పెద్ద బీము అక్కడ ఉంది. అరచేత్తో మెల్లగా తడుముతూ పోయింది. ఒకచోట చేయి ఆగింది. చెమ్మ. తల పైకెత్తింది. సాంచకు ఎక్కించక ముందు బీమును ఆనించి పెట్టే గోడ మీద, రేకుల సందు నుంచి తుప్పు నీళ్ళు కారిన చార.

తుప్పు చుక్క చుట్ట మీద ఒక్కచోటే పడింది. ఒక్కో పొరా దాటి లోపలికి దిగింది. చుట్టు విప్పుకున్నప్పుడల్లా ఒక మరక. చుట్ట సన్నబడే కొద్దీ ఎడం కొద్దిగా తగ్గుతోంది. సాంచ తప్పేమీ లేదు. తిరుగుతున్నది బీము.

అంబదాస్ వచ్చి చేయి పెట్టి చూశాడు. తడి అంటిన వేళ్ళను వెలుతురుకు పట్టాడు. "గట్లయితే నూలుదేనా," అన్నాడు చివరికి.

ఆమె అప్పటికే ఫోను తీసింది.

"సార్, నేను కొట్టేసిన ఆ నక్షత్రాన్ని ఒక్కసారి మళ్ళ చూస్త. కొంచెం ఆగండి సార్."

"యంత్రానిదే అని కొట్లాడింది నువ్వే కదమ్మా. నిన్నటి దాకా."

"అవును సార్."

"ఇవ్వాళ ఏం కొత్తగా తోచింది?"

బీము సంగతి పక్కన పెట్టి లెక్కే చెప్పింది. "తగ్గుదలల ఎడం కుదుపుల ఎడం కన్నా కొంచెం తక్కువుంది సార్. కొలత తేడా అనుకుని వదిలేసిన."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "పొద్దు గూకక ముందే పంపాలి. నీ కోసం ఆపను."

బీడీ చాట పక్కకు జరిపి అవ్వ చోటిచ్చింది. పద్మలత ఫోను నెట్‌తో లాప్‌టాప్ తెరిచింది. మొదటి కొలతల తర్వాత రెండేళ్ళకు టెలిస్కోపు ఆకాశంలో ఆ భాగాన్నే మళ్ళీ చూసింది. ఆ కొలతలు ఈ మధ్యే బయటికి వచ్చాయి. కొట్టేసిన నక్షత్రం కదా అని ఆమె వాటిని తెరవనే లేదు. యంత్రానివైతే తగ్గుదలలు ఇప్పుడూ కుదుపుల పక్కనే ఉండాలి. నక్షత్రానివైతే ఆ కొద్ది తేడా కూడుతూ రెండేళ్ళలో అవి ఎడంగా జరిగి ఉండాలి.

నెట్ మెల్లగా వస్తోంది. పక్క షెడ్ల మోతకు గడప అదురుతోంది. అవ్వ చాయ తెచ్చి పెట్టింది. అది చల్లారి మీగడ కట్టింది.

గీత తెర మీద పడింది. కుదుపుల పక్కన ఏమీ లేదు. వాటికి దూరంగా, రోజున్నర అవతల, వెలుగు తగ్గింది. పాత ఎడంతో లెక్క కడుతూ వస్తే సరిగ్గా పడవలసిన చోటే.

ఆమె సార్‌కు పంపింది. చాలాసేపటికి ఫోను వచ్చింది.

"జాబితా చివర్న చేర్చిన. గ్రహమే అని అనుకోకు. రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి కమ్మినా ఇట్లనే ఉంటది. పెద్ద టెలిస్కోపు చూసి చెప్పాలి."

"సరే సార్."

"పద్మలతా," అన్నాడు. "ఈ పద్ధతిలోనే ఇంకెన్ని కొట్టేసినవ్?"

ఆమె కొట్టేసినవాటి జాబితా తెరిచింది. పేర్లు తెర కిందికి పోతూనే ఉన్నాయి.

లోపల అంబదాస్ బీమును చేత్తో తిప్పి పోగు విప్పుతున్నాడు. తుప్పు ఎంత లోపలికి దిగిందో చూడాలి. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మంచి గుడ్డ.

"వచ్చి గిటు పట్టు బిడ్డా. పోగు చిక్కు వడుతది."

ఆమె వెళ్ళి రెండో వైపు పట్టుకుంది. ఒక చుట్టు విప్పారు. మరక ఉంది. ఇంకో చుట్టు. కొంచెం పలచబడింది. ఉంది.

"నీ ఆకాశంల సుక్క మంచిదేనా?" అడిగాడు.

"ఇంకా తెల్వది బాపు."

"ఊఁ," అన్నాడు. ఇంకో చుట్టు తిప్పాడు. ఇద్దరూ వంగి చూశారు.