పోతున్న అవ్వా

“గా మిషన్ చెయ్యి కింద పెట్టు బిడ్డా. దానికి గూడ సీటా?”

“కింద పెడితే ఖరాబైతది అవ్వా.”

సుచిత్ర చౌరస్తా నుంచి దుండిగల్ పోయే షేర్ ఆటోల నాతో కొట్లాడింది కెన్యా పిలగాడు. నేను ఆదిలాబాద్ నుంచి చూడనీకి వచ్చిన నా మనుమరాలు రమ, అతను కలిసి కాలేజీల పత్తి తీసే రోబో చేస్తున్నరట, గా చెయ్యి దానిదేనట. తెలుగు రమనే నేర్పిందట.

కాలేజీ గేటు కాడ మిషన్ చెయ్యిని ఎదురొచ్చిన రమకు అప్పజెప్పి, “పోతున్న అవ్వా” అన్నడు.

“పోతున్న అనొద్దు, పోయొస్త అనాలె. రమ గిదన్న నేర్పలేదా?” అని కసిరిన.

రమ తల వంచుకుంది. అతను నవ్వి, మళ్ల “పోతున్న” అనే అన్నడు.

మొండోడనుకున్న. వాళ్ల దేశం కాలేజీకి, రమ కాలేజీకి ఉన్న ఒప్పందం అయిపోయిందని, ఇగ రాడని నాకెవ్వరు చెప్పలే. తెలిస్తే ఓ మంచి మాటన్న చెప్పి పంపేదాన్ని.

తెల్లారి అతను విమానమెక్కిండు. రమ ఒక్కతే ఆ మిషన్ చెయ్యిని సంకనేసుకొని ల్యాబ్‌కు పోయింది.