సత్యవతి పిన్ని కట్టిన కిటికీ కొప్పు

నిన్న పొద్దున్నే కొత్తపేట నుంచి బాబాయిగారు ఫోన్ చేశారు.

"పిన్ని వెళ్ళిపోయిందమ్మా" అన్నారు.

పెళ్ళిళ్ళ సీజన్ కదా. "ఏ ఊరి పెళ్ళికి బాబాయ్?" అని అడిగాను.

అవతల నుంచి ఆయన ఏడుపు వినిపించింది.

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో నన్ను చూసి, "ఆ క్లిప్పు తీసి అవతల పారెయ్యవే, జుట్టు కాకి పీకినట్టుంది" అని తిట్టింది. ఇంకా నమ్మకం కలగడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. సత్యవతి పిన్ని మా అమ్మకి వరసకి చెల్లెలు. మా వైపు డాన్స్ ప్రోగ్రామ్ అయినా, స్కూల్ యానివర్సరీలో రాణి వేషమైనా, తల అలంకారం పిన్నిదే. జుట్టు ఎవరిదైనా, దాని మీద అధికారం పిన్నిది.

పాత కాలపు కొప్పు అంటే ఆవిడకి పిచ్చి. గుడి గోడల మీద బొమ్మలకి ఉంటుంది చూడండి, అలాంటిది.

ముందు రోజే పాత చీర పీలికలు చుట్టి జుట్టుకి రింగులు తిప్పాలి. నుదుటి చుట్టూ చిన్న రింగులు పిన్నులతో అణచాలి. మిగతా జుట్టు నడినెత్తికి తెచ్చి, వలగుడ్డలో కొబ్బరి పీచు నింపిన ఉండ లోపల పెట్టి, దాని మీద చుట్టాలి. చుట్టూ కనకాంబరాలు, చామంతులు, మధ్యమధ్యలో మరువం.

బాబాయిగారి డ్యూటీ పిన్నులు అందించడం. ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టర్. స్కూల్లో ఆయన ఎదురుపడితే పిల్లలు పారిపోయేవారు. ఇక్కడ మాత్రం పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని, నోరెత్తకుండా నిలబడేవారు.

ఆవిడకి ఒకటే కోరిక. ఆ కొప్పు ఒక పెళ్ళికూతురికి కట్టాలని.

పెళ్ళంటే పూలజడే అని ఎవరూ ఒప్పుకోలేదు. "స్టేజీ మీదవాళ్ళు ఉత్తుత్తి రాణులే. ఒక్క నిజం పెళ్ళికైనా కట్టకుండానే పోతానేమోనే" అనేది.

నా పెళ్ళికి నేను సరే అన్నాను. అమ్మ నాతో మాట్లాడడం మానేసింది.

ముందు రోజు తల నిండా పీలికలతో ఉన్న నాకు దిష్టి తియ్యబోయి, "దిష్టిబొమ్మకి దిష్టేంటే" అని మా మేనత్త ఆగిపోయింది.

కానీ పెళ్ళి రోజు అద్దంలో చూసుకుంటే, నేనేనా అనిపించింది. అమ్మ కూడా మాట్లాడింది.

పీటల మీద కూర్చున్నాం. మధ్యలో అడ్డుతెర. ముహూర్తం దగ్గర పడింది. పంతులుగారు జీలకర్ర బెల్లం ముద్ద పెళ్ళికొడుకు చేతికిచ్చి, నా తల చూసి ఆగిపోయారు.

"ఇది నడినెత్తిన పెట్టాలి కదండీ. అక్కడ గోపురం లేచిందేంటండీ?"

స్టేజీ మీద రాణులకి జీలకర్ర బెల్లం పెట్టరు. ఆ సంగతి పిన్నికి తట్టలేదు. మాకెవరికీ తట్టలేదు.

"విప్పించెయ్యండమ్మా, టైం లేదు" అన్నారు పంతులుగారు.

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తగ్గలేదు.

"పలివెల గుళ్ళో శివలింగానికే కొప్పుందండీ. అభిషేకం మానేసేరేంటండీ?"

"ఆయ్, నీళ్ళయితే జారిపోతాయమ్మా. బెల్లం నిలబడాలండీ."

హాలంతా మా వైపే చూస్తోంది. అమ్మ మళ్ళీ మాట్లాడడం మానేసింది.

పిన్ని నా వెనకాల మోకాళ్ళ మీద కూర్చుంది. పైనున్న పూలు పక్కకి తప్పించి, రింగుల మధ్య వేళ్ళు దూర్చి, వలగుడ్డ చించి, కొబ్బరి పీచు గుప్పిళ్ళతో లాగి బాబాయిగారి పట్టు లాల్చీ జేబులో కుక్కింది. కొప్పు కొప్పులాగే ఉంది. మధ్యలో మాత్రం కిటికీ తెరుచుకుంది. అందులోంచి నా మాడు కనిపించిందట.

"రండి బాబూ, ఇక్కడ పెట్టండి" అంది పెళ్ళికొడుకుతో.

ఆయన పెట్టారు. చెయ్యి లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు. ఉంగరం వలగుడ్డలో చిక్కుకుంది.

ఎలాగూ చెయ్యి కాసేపు అలాగే ఉంచాలి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఫొటోగ్రాఫర్ "సూపర్ సార్, కదలకండి" అన్నాడు. ఆయన కదిలితే కదా. మంత్రాలు అయ్యేలోపు పిన్ని వెనకనుంచి గుట్టుగా ఉంగరం విడిపించింది.

తర్వాత బెల్లం కరిగి, చీమలు పట్టి, ఆ కొప్పు విప్పడానికి మా ఆడపడుచులు ఎంత అవస్థ పడ్డారో వాళ్ళనే అడగండి. కామెంట్స్‌లో చెప్తారు.

కానీ కొప్పు విప్పకుండానే పెళ్ళి అయింది. అప్పగింతల్లో అందరూ నన్ను చూసి ఏడుస్తుంటే, పిన్ని కొప్పు చూసుకుని ఏడ్చింది.

ఆ ఫొటోలు చూసి అమలాపురం నుంచీ రాజోలు నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. "కిటికీ కొప్పు కట్టేది మీరేనాండీ?" అని. పిన్ని ఆ తర్వాత కట్టినవన్నీ నిజం పెళ్ళిళ్ళే.

నిన్న నేను వెళ్ళేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ముత్తైదువుగా వెళ్ళింది కదా, పసుపు, కుంకుమ, పూలు అన్నీ సిద్ధం చేశారు. ఎవరో గబగబా జుట్టు ముడి వెయ్యబోతే బాబాయిగారు ఆపేశారు.

"ఊళ్ళో తలలన్నీ ఇదే చూసింది. దీని తల ఎవరూ చూడలేదమ్మా. నువ్వు వెయ్యి" అన్నారు నాతో.

ఆవిడ జుట్టు విరబోసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నిన్ననే చూశాను. దువ్వి, కొప్పు చుట్టాను. కన్నీళ్ళకి కళ్ళు కనపడక అది ఒక పక్కకి ఒరిగిపోయింది. విప్పి మళ్ళీ కడదామనుకున్నాను.

బాబాయిగారు వంగి చాలాసేపు చూశారు.

"ఉండనీ అమ్మా. ఇంత అందంగా ఉండేదని నాకే తెలీదు" అన్నారు.

పిన్నీ, జన్మంతా ఒకళ్ళ తల వెనకాల నిలబడే ఉన్నావు. ఇంక కూర్చో. కాళ్ళు చాపుకుని కూర్చో. ఎక్కడున్నా నీ ప్రాణం చల్లగా, హాయిగా ఉండాలి.