తడపని వాన

నేను డబ్బిచ్చి నిజాయితీగా కొన్న ఒక కంప్యూటర్ ఆటలో వాన పడుతుంది. ఆ వాన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఆట గురించి నాలుగు పేజీలు రాసి, మనిషి గురించి ఒక్క మాటా రాయకుండా లేచాను. ఈసారి ఇద్దరినీ వదలను, ఆటనూ మనిషినీ.

ఆట పాతది. నేను పావగడలో కంప్యూటర్ కోర్సుకు వెళ్ళిన రోజుల నాటిది. బస్టాండు వెనక వీధిలో మేడమీద గది, అందులో ఆరు కంప్యూటర్లు. టైపింగు అయ్యాక చివరి పావుగంట ఆడుకోనిచ్చేవాళ్ళు. స్కెచ్ పెన్నుతో పేరు రాసిన కాపీ సీడీ అది. ఏటి ఒడ్డున నాలుగు గుడిసెలతో ఊరు మొదలవుతుంది. మనం బావులు తవ్వించాలి, దారులు వేయాలి, చేలు విత్తించాలి, గాదె నింపాలి. గాదె ఖాళీ అయితే జనం మూటలు నెత్తిన పెట్టుకుని తెర అంచు దాటి వెళ్ళిపోతారు. బెంగళూరు బస్సెక్కే మా ఊరివాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ఆట నాకు ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది. వానాకాలం రాగానే తెర మసకబారి, సన్నటి తెల్ల గీతలు పడేవి. కాని ఆ గదిలో స్పీకర్లు లేవు. పిల్లలు గోల చేస్తారని సెంటరాయన పీకి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కాబట్టి ఆ వానను చూడటమే గాని నేను ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు అలాంటి పాత ఆటలకు మరమ్మతు చేసి, కొత్త మిషన్లలో నడిచేలా చేసి ఇంటర్నెట్టు దుకాణాల్లో అమ్ముతున్నారు. నేను సోలార్ పార్కులో పనిచేస్తాను. పగటి డ్యూటీ. ఏ వరసలో పలకలు తక్కువ కరెంటు ఇస్తున్నాయో తెరమీద చూసి, అక్కడి మనుషులకు ఫోన్ చేసి చెప్పడం నా పని. దినమంతా తెర చూసి వచ్చినవాడికి ఇంట్లో ఇంకో తెర ఎందుకని మా ఆవిడ అడుగుతుంది. అయినా డిస్కౌంటు పెట్టినప్పుడల్లా ఒకటి కొంటాను. సగం ఆటలను కంప్యూటర్లోకి దించుకోనైనా లేదు. "ఆడని ఆటలు కొనేవాణ్ణి నిన్నే చూసినా," అంటుంది. కొనే ముందు చిన్న అక్షరాల్లో ఒక మాట కనిపిస్తుంది: ఆట మీ సొంతం కాదు, ఆడుకునే అనుమతి మాత్రమే మీది అని. అది చదివినప్పుడు నవ్వొచ్చింది. పార్కుకు లీజుకిచ్చిన మా భూమి సంగతీ అంతే. పహణి రికార్డులో పేరు మాదే, లోపల అడుగు పెట్టాలంటే గేటు దగ్గర అడగాలి.

పహణిలో ఉన్న పేరు నాది కాదు, మా పెద్దనాయనది. మా నాయనకు అన్న. మా నాయన పోయాక నన్ను సాకి, చదివించి, పెళ్ళి చేసింది ఆయనే. ఆయనకు పిల్లల్లేరు, పెద్దమ్మ ఎప్పుడో పోయింది. పార్కు రాకముందే షుగరు ఆయన రెండు కళ్ళనూ తినేసింది. అప్పటినుంచీ మా ముందు గదిలో నవారు మంచమే ఆయన లోకం.

పార్కు వచ్చినప్పుడు ఊరు ఊరంతా భూములు లీజుకిచ్చింది. పెద్దనాయన కూడా అడ్డం చెప్పలేదు. ఒక్కటే అడిగాడు. "అన్నీ ఇచ్చేయప్పా. బాయి చేను మాత్రం ఇయ్యొద్దు. నేను పోయేదాకా దాంట్లో శెనక్కాయ ఏయాల."

సరేనన్నాను. అన్న తర్వాత లెక్కలు మొదలయ్యాయి. ఆ చేను మధ్యలో ఉంది, అది లేకపోతే మిగతావి కలవవు. బావి ఎండి ఏళ్ళయింది. నాకు పార్కులో ఉద్యోగం కావాలి. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఆ మాట ముందే చెప్పాలి. ముద్రలు వేయించే రోజు ఆయన బొటనవేలు పట్టుకుని ఒక్కో పేజీ మీద నేనే ఒత్తించాను. మధ్యలో ఒకసారి, "ఇది ఏ చేనుదిరా?" అని అడిగాడు. "రోడ్డు చేనుది పెద్దనాయనా," అన్నాను. అది బావి చేనుది.

మా ఆవిడకు మాత్రం చెప్పాను. "మామకు నేను చెప్పను. చెప్తే నువ్వే చెప్పాల," అని ఊరుకుంది. ఊళ్ళోవాళ్ళు, కాగితాల మీద ఆయన వేలిముద్ర ఉంది కాబట్టి అన్నీ ఆయనకు తెలుసనే అనుకున్నారు. ఆయనను పలకరించడానికి వచ్చేవాళ్ళు కూడా భూముల మాట ఎత్తడం మానేశారు. అందరివీ పోయాక ఎవరి చేను గురించి మాట్లాడతారు?

ఏటా ముంగారు వానలు దగ్గరపడేసరికి పెద్దనాయన ప్రశ్న మొదలయ్యేది. "పదును అయిందా?" విత్తనం పడటానికి నేల తగినంత తడవడమే పదును. మా తాలూకాలో అబద్ధమాడటానికి అంతకంటే వీలైన విషయం లేదు. వాన రాకపోతే చిక్కే లేదు. వచ్చి రేకుల మీద చప్పుడైతే, "ఊర్లోనే పడిందిలే, చేను కాడ దుమ్ము కూడా అణగలేదు," అనేవాణ్ణి. వీధికి ఒక పక్క తడిసి రెండో పక్క పొడిగా ఉండటం ఇక్కడ వింత కాదు కాబట్టి ఆయన నమ్మేవాడు. ఒక ఏడు మాత్రం నాలుగు రోజులు విడవకుండా కురిసింది. తప్పించుకునే దారి లేక, "ఏసినాం పెద్దనాయనా," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత నెలంతా వాన ముఖం చాటేసింది. "ఎండిపోయింది," అన్నాను. దేవుడే నాకు సాయం చేశాడనుకున్నాను. సిగ్గులేనివాడికి దేవుడు కూడా వాటాదారుడిలాగే కనిపిస్తాడు.

నేను ఆ ఆటను కొన్నది మొన్న ఎండాకాలంలో. రంగులు బాగానే వచ్చాయి, దారులు, గుడిసెలు, గాదె అన్నీ ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. దుకాణం పేజీలో నాలాంటివాళ్ళు రాసిన ఫిర్యాదులు వెతికితే, ఎక్కడో మంచు దేశపు మనిషి ఒకడు దారి చెప్పాడు. ఒక ఫైలు తీసేసి, సౌండును పాత పద్ధతికి మార్చాలట. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఆ పని చేశాను. స్పీకర్లు టీవీ కోసం కొన్నవి, పెద్దవి. సౌండు పూర్తిగా పెంచి ఉందని చూసుకోలేదు.

ఆట మొదలుపెట్టి కాసేపు ఆడాక వానాకాలం వచ్చింది. ఉరిమింది. వెంటనే వాన, రేకుల మీద కంకర పోసినట్టు. నేను నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళకు విన్నానని కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ముందు గదిలో మంచం కిర్రుమన్నది నాకు వినిపించలేదు.

"వానరా! ఒరే, వానొచ్చింది! అమ్మీ, బయట ఏమన్నా ఎండబెట్టినావా, ఎత్తుకో!"

నేను లేచి వెళ్ళేసరికి పెద్దనాయన గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వెళ్ళిపోయాడు. వట్టి కాళ్ళు. బండలు కాలిపోతున్నాయి. షుగరుకు ఆయన పాదాల్లో స్పర్శ పోయింది కాబట్టి ఆ వేడి ఆయనకు తెలియదు. ఎర్రటి ఎండలో ముఖం పైకెత్తి, రెండు అరచేతులూ చాపి నిలబడ్డాడు. లోపల వాన దంచుతోంది.

"ఎండా వానా మాదిరుండాదే," అన్నాడు నవ్వుతూ. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత చేతులు బోర్లించాడు, ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "ఒరే, చినుకు తెలీలేదే. ఇంత వాన పడతా ఉంటే నా చేతులకు తెలీలేదే. కాళ్ళు ముందే పోయినాయి. ఇంగ చేతులు కూడా పోయినాయా?"

ఆయన గొంతులో అంత భయం నేను ఎన్నడూ వినలేదు. కళ్ళు పోయినప్పుడు కూడా ఆయన భయపడలేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకు నేను లోపలికి పరుగెత్తి కంప్యూటర్ ఆపాను. వాన ఒక్కసారిగా తెగిపోయింది.

"అది వాన కాదు పెద్దనాయనా. కంప్యూటర్లో ఆట. ఆటలో వాన."

ఆయన నమ్మలేదు. మా ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన అరచేతిలో సన్నగా పోసింది. "తెలస్తా ఉండాది," అన్నాడు. రెండో చేయి చాపాడు. "దీనికీ తెలస్తా ఉండాది." ఇంక నవ్వు మొదలుపెట్టాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మేము ఆయనను నీడలోకి తెచ్చి కాళ్ళు కడిగాం. ఒక పాదం కింద బొబ్బ లేచింది.

ఆ రోజు నుంచి ఆ ఆట ఇద్దరిదీ అయింది. నేను డ్యూటీ నుంచి రాగానే, "మన ఊరు ఎట్లుండాది?" అని అడిగేవాడు. నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తెరమీద ఏముందో నేను చెప్పాలి, ఏం చేయాలో ఆయన చెప్పాలి. "ఏటి గట్టున ఏయొద్దు, కొట్టుకపోతాది," అన్నాడు ఒకసారి. నేను వినకుండా వేశాను, కొట్టుకుపోయింది. "ఈ ఆట చేసినోనికి సేద్యం తెలుసురా," అని మెచ్చుకున్నాడు. వాన పడినప్పుడల్లా మాట్లాడకుండా వినేవాడు. ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతసేపు కలిసి కూర్చున్నది లేదు. నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం నాకు తగనిదని కూడా తెలుస్తూనే ఉండేది.

రెండు మూడు వారాలకు మా ఆటలోని ఊరు పెద్దదైంది. జనం పెరిగారు, ఇళ్ళకు చోటు చాలడం లేదు. ఆ ఆదివారం ఊరంతా చూసి, "బావి పక్క చేను తీసేస్తే నాలుగు ఇండ్లు పడతాయి పెద్దనాయనా. తీసేయనా?" అన్నాను. నిజంగా ఆట గురించే అడిగాను. నోట్లోంచి మాట వచ్చాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు.

"వద్దురా. ఇండ్లు ఇంగోచోట కట్టు. బాయి పక్క చేను తియ్యొద్దు."

"సరే, తియ్యను."

ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మోకాలి మీద పడింది. "నువ్వు తియ్యవని నాకు తెలుసు. నిజంది కూడా అంతే కదా. ఊరంతా ఇచ్చేసినా నువ్వు దాన్ని ఇయ్యలేదు. ఎవుడుంచుతాడురా గుడ్డోని మాట?"

ఆ చెయ్యి మోకాలి మీద ఉండగా ఇంక నావల్ల కాలేదు.

"ఇచ్చేసినా పెద్దనాయనా."

"ఏంది?"

"బాయి చేను. అన్నిటితో పాటే ఇచ్చేసినా. నువ్వు ఏ చేనుదని అడిగితే రోడ్డు చేనుదని చెప్పినా చూడు, ఆ పేజీ దానిదే. ఇప్పుడు ఆడ పలకలు ఏసినారు."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన చెయ్యి తీసేసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వంటింట్లో మా ఆవిడ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన అడిగాడు.

"మరి ఆ యేడు ఏసినాం, ఎండిపోయిందంటివే?"

"ఏయలేదు."

"ఏయనే లేదా?"

"లేదు పెద్దనాయనా."

"ఆ యేడు నేను రెండు దినాలు అన్నం తినలేదురా," అన్నాడు. "మొలకలు మాడిపోయినాయని."

నాకు గుర్తుంది. ముద్ద ముట్టకుండా పక్కకు పెట్టిన కంచం నేనే తీశాను. షుగరు ఎక్కువైందేమో అనుకుని పావగడ తీసుకుపోయి రక్తపరీక్ష కూడా చేయించాను. లేని పంట ఎండిపోయిందని ఒక మనిషి పస్తుండటం నేను కళ్ళారా చూశాను, దానికి మాత్రలు కూడా తెచ్చిచ్చాను. ఇంతకంటే నా గురించి నేను చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

"నన్ను మంచం కాడికి తీసుకపో," అన్నాడు. తీసుకుపోయాను.

తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానలేదు. మానితే తేలికగా ఉండేది. అన్నం వేళకు తింటాడు, డ్యూటీ ఎట్లుండాదని అడుగుతాడు, బొబ్బకు మందు రాయించుకుంటాడు. ఆట మాట మాత్రం ఎత్తడు. నేను రెండుసార్లు "మన ఊరు చూస్తామా?" అని అడిగాను. "నువ్వు ఆడుకోప్పా," అన్నాడు. ఆయన లేకుండా ఆడలేక దాన్ని కంప్యూటర్లోంచి తీసేశాను. కొత్తవి కొనడం కూడా ఆపేశాను. మా ఆవిడ నన్ను ఎగతాళి చేయడం మానేసింది.

ముంగారు ఈసారి ఆలస్యంగా వచ్చింది. పెద్దనాయన ఒక్కసారి కూడా పదును సంగతి అడగలేదు. ఒక సాయంత్రం నేను బండి దిగుతుండగా పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. క్షణంలో రేకులు మోగిపోయాయి, వాకిట్లో మట్టి వాసన గుప్పుమంది. నేను తడుస్తూనే ఆయన గదిలోకి పరుగెత్తాను.

"పెద్దనాయనా, వాన. ఇది ఆట కాదు, నిజం వాన. లెయ్, బయటికి తీసుకపోతా. చేతులు చాపుదువు."

నా తడి చేతిని ఆయన చేతిమీద పెట్టాను, నమ్ముతాడని. ఆయన ఆ తడిని వేలితో ఒకసారి తాకి చూశాడు.

"నిజం వానేలే, వాసన వస్తా ఉండాది," అన్నాడు. "రానీ. వానతో నాకేం పని ఇంగ."