మడమ మీద కొత్త చర్మం

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి టైరు చూస్తుంటే, పక్కనుంచి వచ్చిన లారీ నా ఎడమ మడమను రాసుకుంటూ పోయింది. ఎముక దక్కింది గానీ దాని మీది చర్మం మొత్తం లేచిపోయింది. నేను కండక్టర్ని. రోజంతా నిలబడితేనే నా ఉద్యోగం.

విజయవాడ ఆసుపత్రిలో పిక్క మీది చర్మాన్ని రక్తనాళంతో సహా తిప్పి మడమ మీద కుట్టారు. మూడో రోజు కట్టు విప్పేసరికి దాని అంచు నేరేడుపండు రంగుకు తిరిగి ఉంది. డాక్టరు సూదితో గుచ్చి చూశారు. నల్లటి రక్తం బొట్టుగా ఊరింది. అంచుదాకా మంచి రక్తం అందడం లేదని, ఇలాగే వదిలేస్తే ఆ చర్మం చచ్చిపోతుందని చెప్పారు. నా రక్తమే తీసి, మిషన్లో తిప్పి, గాయాన్ని మాన్పే పదార్థాలున్న భాగాన్ని వేరుచేసి ఆ చర్మం చుట్టూ సూదితో ఎక్కిస్తామన్నారు. దానితోపాటు రోజూ గాలి ఒత్తిడి పెంచిన గదిలో కూర్చుని ఆక్సిజన్ పీల్చాలి. సిగరెట్ ముట్టకూడదు.

"గ్యారంటీ మాత్రం ఇవ్వలేనండి," అన్నారాయన.

నా భార్య నందిగామలో అంగన్‌వాడీ టీచరు. "గ్యారంటీ అడగట్లేదండి. ఏం చేయాలో చెప్పండి, చేయిస్తా," అంది.

సిగరెట్ పెట్టె ఆమె చేతికిచ్చేశాను. అది మానడం కష్టమే అయింది గానీ, అంతకంటే కష్టం ఆ గది. తలుపు బిగించి ఒత్తిడి పెంచగానే చెవులు మూసుకుపోయాయి, ఊపిరాడనట్టయింది. అద్దం మీద బాదాను. మెల్లగా ఒత్తిడి తగ్గించి బయటికి తీశారు. సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను. ఆమె మాత్రం చెవులు ఎలా తెరుచుకుంటాయో అక్కడి టెక్నీషియన్ని అడిగి తెలుసుకుని, ఆ సాయంత్రమంతా మంచం మీద నాచేత గుటకలు వేయించింది.

మర్నాడు లోపలికి వెళ్లేముందు, "అద్దంలోంచి నన్నే చూడండి. నేను గుటక వేసినప్పుడల్లా మీరూ వేయండి," అంది.

అలాగే చేశాను. ఒత్తిడి పెరిగినంతసేపూ ఆమె గొంతు కదలికనే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు.

వారం దాటాక డాక్టరు మళ్లీ సూదితో గుచ్చారు. ఎర్రటి రక్తం చివ్వున వచ్చింది. బొటనవేలంత అంచు మాత్రం నల్లబడితే దాన్ని కోసేసి, తొడ మీది పల్చటి చర్మం అతికించారు. మిగతాదంతా బతికింది. ఏది పనిచేసిందని అడిగితే, విడదీసి చెప్పలేమన్నారు డాక్టరు.

ఎండాకాలం వెళ్లాక మెత్తటి బూట్లతో మళ్లీ జగ్గయ్యపేట బస్సెక్కాను. ఆ చర్మానికి స్పర్శ లేదు. ఒకరోజు బూటులో పడిన గులకరాయి సాయంత్రం దాకా తెలియక బొబ్బ లేచింది. అప్పటినుంచి స్నానం కాగానే చేతి అద్దం పెట్టి మడమంతా చూసుకుంటున్నాను. పిక్క మీద ఉండాల్సిన వెంట్రుకలు అక్కడ మొలుస్తున్నాయి.