జల్లెడ చట్రం మీద నూలు చీర

మొన్న నా మనుమరాలు సెల్‌ఫోన్‌ల చూసి గుడ్డపూల చక్రం ఒకటి తెప్పించి గోడాదరాల ఉన్న మా ఇంటి తలుపుకు తగిలించింది. నేను దాన్ని దించి వెనుకకు తిప్పి చూసిన. ఒక్క కుట్టు లేదు, అంతా గమ్ము. "ఇది ఎండకు ఆగదు," అన్న. "అరే నానమ్మా, చల్తా హై! పాడైతే ఇంకోటి తెప్పిస్త," అన్నది. పారేసుడనే మాట నా ఇంట్ల నాకు నచ్చదు. తిట్టబోయి ఆగిన. ఆ గుండ్రటి గుడ్డ చేతిల ఉండంగ మా అత్త యాదికొచ్చింది.

అప్పుడు మేం ఊరిడిచి గుజరాత్‌కు బతకవచ్చి ఉధ్నాల కిరాయి గదిల ఉంటుంటిమి. మా ఇంటాయనకు కరెంటు సాంచల మీద బట్ట నేసే పని. ఒకటే వరుసల గదులు. అన్ని తలుపులకు ఓనరు ఒకటే పచ్చరంగు కొట్టించిండు. రంగు డబ్బాలు కలిపి కొంటే అగ్గువకు వచ్చినయట, నేనైనా అదే చేద్దును. మా మామ పోయినంక ఊర్లె మగ్గం గుంత పూడ్చి అత్తను తెచ్చుకున్నం. ఆమె కండ్లకు పొరలు వచ్చినయి. వెలుగు, చీకటి తెలుస్తుండె గాని తలుపుకు తలుపుకు తేడా తెల్వకపోతుండె. పాయఖానా వరుస చివరన. ఒకనాడు అటు పోయి వస్త వస్త వేరేవాళ్ళ గదిల జొర్రింది. రాత్రి పాళీ చేసి వచ్చిన ఒరియా మగవాళ్ళు అందుల పండుకొని ఉన్నరు. మా అత్త మంచం మీద కూసొని, "ఓ కోడలా, జర చాయ్ పొయ్యి," అన్నది. ఒకాయన లుంగీ పట్టుకొని బయటికి ఉరికిండు. వరుసంతా నవ్వింది. నేను కూడ నవ్విన. ఆమె నవ్వలే. తెల్లారి నుంచి నీళ్ళు తాగుడు తగ్గించింది. నీళ్ళు తాగితే బయటికి పోవాలె, బయటికి పోతే ఇల్లు దొరకదు. పెదవులు ఎండి పగిలినయి. "నన్ను ఊర్లె ఇడిచిపెట్టు," అన్నది. ఊర్లె ఎవరున్నరని?

ఇంట్ల పాత జల్లెడ ఒకటి ఉండె. దాని జాలి తీసేసి చట్రం పెట్టుకున్న. చీరల దుకాణాల కాడ ఊడ్చి పారేసే కత్రన్ ముక్కలు సంచి నిండ తెచ్చి, బొటనవేలంత వెడల్పు పేలికలు చేసి, చట్రం చుట్టూత ఒకదాని పక్కన ఒకటి బిగించి ముడేసిన. రేకు కనబడకుండ ముడులను వేలితో దగ్గరికి నెట్టిన. అందం కోసం కాదు, చెయ్యి పెడితే తగలాలె. తలుపుకు తగిలించినంక అత్త తడిమి చూసి, "కుక్కపిల్ల వీపోలె ఉన్నది," అన్నది. తెల్లారి ఒక్కతే పోయి ఒక్కతే వచ్చింది. వచ్చి చెంబెడు నీళ్ళు తాగింది.

పక్కగది గుజరాతీ అక్క, మేం బెన్ అంటుంటిమి, అది చూసి, "బహు సరస్!" అని మెచ్చుకొని, తనకు నేర్పియ్యమన్నది. నేర్పిన. ఫుకట్‌ల వచ్చే గుడ్డ, ఎవరు వద్దంటరు? ఆమెను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి ఇంకొకరు. దీపావళి వచ్చేసరికి ఏ తలుపుకు చూసినా అదే చక్రం. నాకు గొప్పగనే అనిపించింది. పండుగనాడు మా అత్త చక్రం తడిమి, నిమ్మళంగ బెన్ ఇంట్లకు పోయి, గిన్నెల వేలు ముంచి నాకి, "పప్పుల చక్కెర ఏసినవేందే, సోయి ఉన్నదా నీకు?" అని అరిచింది. బెన్‌కు తెలుగు రాదు. పెద్దామె దీవిస్తున్నదనుకొని కాళ్ళు మొక్కింది. నేను పోయి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చిన. ఆ సాయంత్రం ఎంత బతిమాలినా నీళ్ళు ముట్టలే.

మరునాడు ఆమే ట్రంకు పెట్టె తెరిచి నూలు చీర బయటికి తీసింది. మా మామ గుంతమగ్గం మీద నేసిన చీర. తను పోయినప్పుడు మీద కప్పుమని దాచుకున్నది.

"చింపు," అన్నది. "ఈడ అందరిదీ పాలిస్టరే, చేతికి జారుతది. నూలైతే నాకు తెలుస్తది."

"మంచి చీరను చింపుడు నాతోని కాదు అత్తమ్మా."

"సచ్చినంక నాకేం తెలుస్తదే, మీద నూలున్నదా, పాలిస్టరున్నదా? బతికున్నన్ని దినాలు ఇల్లు దొరకాలె గద!"

చెంగు పాడుగాకుండ లోపలి కొసకెల్లి కొంచెం చింపుదమని నేను వెతుకుతుంటే, ఆమె గుంజుకొని చెంగునే పంటితో కొరికి పర్రున చింపింది. పాత పేలికలన్నీ విప్పి నూలు పేలికలు కట్టిన. ఆమె పక్కన కూసొని ప్రతి ముడినీ వేలితో చూసుకున్నది.

ఇగ ఆమె తప్పు తలుపు తొయ్యలే. గోడ పట్టుకొని వస్తుండె. బెన్ వాళ్ళ చక్రం తగిలితే, "నువ్వు గాదు పో," అంటుండె. మాది తగిలితే ఏమనకుండ లోపలికొచ్చి నీళ్ళ కుండ మీది మూత తీస్తుండె. చాన ఏండ్లకు పోయింది. ఆమె మీద దుకాణం చీరనే కప్పినం. చక్రం రంగు ఎండకు ఎప్పుడో ఎలిసిపోయింది గాని, ఆమె చెయ్యి ఆగే జాగల నూలు అరిగి అరిగి పోగు విడిపోయి మళ్ళ దూదయ్యింది. ఎంత కాలం మాతోని ఉన్నదని ఎవరన్న అడిగితే నాకు లెక్క రాదు. చీర దూదయ్యేటంత కాలం ఆమె మా ఇంటికి తిరిగి తిరిగి వచ్చింది.