గ్రౌండ్ మామ నూలు తాడు

పోయిన నెల ఒక మంగళవారం మా బడిలో ఆటల పీరియడ్ నడుస్తుండగా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఆదోని స్టేడియంలో ఒకప్పుడు ఆడినవాళ్లమంతా కలిసి పెట్టుకున్న గ్రూప్ అది. పండగ శుభాకాంక్షలు, పిల్లల పెళ్లి ఫోటోలు తప్ప మరేమీ రావు అందులో. ఆ రోజు మాత్రం ఒకటే వాక్యం. "గ్రౌండ్ మామ పొద్దున పోయినాడు, ఎమ్మిగనూరులో, కొడుకు ఇంట్లో." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, ఫోన్ సంచిలో వేసి, పిల్లలను ఇంకో చుట్టు పరుగెత్తమన్నాను.

మట్టి చేసే చోటికి వెళ్లలేదు. సి.బెళగల్ దగ్గర పనిచేసేదాన్ని, ఎమ్మిగనూరు ఏమంత దూరం? సెలవు దొరకలేదని గ్రూప్‌లో రాశాను. అడిగితే కదా దొరకడానికి.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మంచివాడు, కష్టజీవి అని నాలుగు మాటలు రాసేవాళ్లు గ్రూప్‌లో చాలామందే ఉన్నారు, రాశారు కూడా. నేను రాయాల్సింది వేరే ఉంది. అది రాయాలంటే ముందు స్టేడియం సంగతి చెప్పాలి.

ఇప్పుడు స్టేడియం అంటున్నాం గాని, అదొకప్పుడు పత్తి బండ్లు విప్పుకునే బయలట. చుట్టూ గోడ కట్టేటప్పుడు రాళ్లు మోసిన కూలీల్లో మామ ఒకడు. గోడ అయిపోయింది, కూలీలంతా ఇంకో పనికి పోయారు, ఈయన ఒక్కడు ఆగిపోయాడు. ఎందుకాగావు మామా అంటే, "గోడ కట్టిన్యాం సరే, లోపల ఏం సేస్తారో సూడద్దా?" అనేవాడు. తర్వాత ఒక పక్క గ్యాలరీ లేచింది. కబడ్డీ, ఖోఖో కోర్టులు పడ్డాయి. వాలీబాల్ స్తంభాలు పాతారు. నడిమధ్య క్రికెట్ మ్యాట్ పరిచారు, దాని చుట్టూ పరుగెత్తేవాళ్లకు ట్రాక్. చాలా ఏళ్లకు షటిల్ ఆడేవాళ్లకని ఒక రేకుల హాలు కూడా వచ్చింది. ఇన్ని ఆటలకూ నేల ఒకటే, ఆ నేలకు మనిషి ఒకడే. ఆటలు లేనప్పుడు మీటింగులు, ఎగ్జిబిషన్లు, హెలికాప్టర్లు. ఏది వచ్చిపోయినా మర్నాడు పారతో గుంతలు పూడ్చేది మామే.

అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నం నింపుకొని, వెనక్కి నడుస్తూ గీతలు వేసేవాడు. చెప్పులు గేటు దగ్గరే వదిలేవాడు. వేసిన గీతను ఎప్పుడూ దాటేవాడు కాదు, ఎంత దూరమైనా చుట్టు తిరిగి వచ్చేవాడు. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే పెద్దమనుషులు ట్రాక్ మీద నిలబడి కబుర్లు మొదలుపెడితే ఊరుకునేవాడు కాదు. "అప్పా, ఈ లైను పరిగెత్తేటోళ్లది. మీ బొజ్జలకు గోడ పక్కన సాలా స్థలముంది, పాండి." వాళ్లు నవ్వుతూనే తప్పుకునేవాళ్లు.

నేను అక్కడికి వచ్చింది తొమ్మిదో తరగతిలో. మాది కోసిగి పక్క పల్లె. ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత మా అమ్మానాన్నలు ఇంటికి తాళం వేసి పనికి పోయేవాళ్లు. ఒక ఏడు గుంటూరు వైపు మిరపకాయలకు, ఒక ఏడు బెంగళూరులో కట్టడాలకు. నన్ను ఆదోని హాస్టల్లో వేశారు. ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తేదాన్ని. ట్రాక్ మీద రెండు చుట్లు. చెప్పుకోవాలంటే, బాగానే పరుగెత్తేదాన్ని.

పదో తరగతిలో ఉండగా మా నాన్న హాస్టల్‌కు వచ్చాడు. "ఈ తూరి నువ్వు గూడా రావల్ల పాపా. తమ్మున్ని సూసుకునేకి ఆడ ఎవురూ లేరు," అన్నాడు. మా వ్యాయామం సార్‌ను అడిగితే ఒకటే దారి ఉందన్నారు. దసరా అయ్యాక మన స్టేడియంలోనే పోటీలు. అందులో గెలవడం ఒక్కటే చాలదు, వాళ్లు పెట్టిన టైముకు లోపల ముగించాలి. ముగిస్తే రాష్ట్ర పోటీలకు పంపుతారు. అక్కడ మెరిస్తే స్పోర్ట్స్ స్కూల్లో సీటు, తిండి, బట్టలు, చదువు అన్నీ వాళ్లవే. నాకు ఆ టైము కంటే మూడు నాలుగు సెకన్లు ఎక్కువే పడుతోంది. ఎంత పరుగెత్తినా అంతే.

ఆ ఏడే మామకు కొత్త తాడు వచ్చింది. ట్రాక్ కొలిచే పాత కొబ్బరి తాడు చీకిపోయిందని, ఏదో మిల్లులో బతిమాలి తెల్లటి నూలు తాడు తెచ్చుకున్నాడు. మా సార్ దగ్గరున్న టేపు పక్కన తాడు పరిచి సరిచూసుకుని, కొలతకొకటి చొప్పున ఎర్రగుడ్డ పీలికలు కట్టుకున్నాడు. ఆయుధపూజ నాడు పార, గడ్డపార, రోలరు, సున్నం డబ్బా అన్నీ కడిగి పసుపూ కుంకుమా పెట్టాడు. మేము చర్చికి పోయేవాళ్లం, నాకిదంతా కొత్త. గ్యాలరీ మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. చివరికి ఆ నూలు తాడును బక్కెట్లో పసుపునీళ్లలో నానేసి, పిండి, మెట్ల మీద ఎండేశాడు.

"తాడుకు గూడా పూజ చేస్తారా మామా?" అన్నాను.

"రోలరు కన్నా ఇదే పెద్దది పాపా. రోలరు తప్పు సేస్తే మళ్ల దొల్లిస్తాం. ఇది తప్పు సేస్తే మీ కాళ్లకు సుట్టుకుంటాది."

ఆ దసరాకు స్టేడియంలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్ కోసం, డేరాల కోసం ఎక్కడపడితే అక్కడ తవ్వేశారు. ట్రాక్ మూలల్లో మామ పాతుకున్న మేకులన్నీ ఎవరో పీకి పారేశారు. వాళ్లు మూటాముల్లె సర్దుకుని పోయాక మామ మళ్లీ మొదటినుంచి కొలిచాడు, ఆ ఎండిన తాడుతో. రెండు రోజులు ఎండలో వంగి వంగి కొత్త ట్రాక్ గీశాడు.

మూడో రోజు నేను పరుగెత్తాను. అడుగులు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తడం నాకు అలవాటు. రెండు చుట్లకు ఎన్ని అడుగులో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజు పదిహేను తక్కువ పడ్డాయి. స్టాప్‌వాచ్ చూసి మా సార్, "పండగకు తిన్న ఓళిగలు బాగా పనిచేసినాయే నీకు," అని నవ్వారు. నాలుగు సెకన్లు తగ్గింది. నాకు నవ్వు రాలేదు. మూల తిరిగేటప్పుడే తెలిసింది నాకు, ఒంపు ముందుకంటే ఇరుగ్గా ఉందని.

మామ డబ్బా పక్కనపెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"పాపా, కొత్త గీత కదా. మూల కాడ ఏమన్నా తేడా ఉందా? దినామూ పరిగెత్తేదానివి, నీ కాళ్లకు తెలుస్తాది. సెప్పు."

"సరిగ్గానే ఉంది మామా."

"మళ్లొకసారి తిరిగి సూసి సెప్పు."

"సరిగ్గా ఉందంటిని కదా," అన్నాను విసుగ్గా. 

"కోపమెందుకు తల్లీ. నోరు అటూ ఇటూ పోతాది గాని కాళ్లు పోవు. నువ్వు సెప్పినావంటే నాకు సాలు," అని వెళ్లి మిగిలిన సున్నం చల్లుకున్నాడు. సార్‌ను టేపు అడిగి మళ్లీ కొలుచుకునేవాడే, నేను ఆ మాట అనకపోయి ఉంటే.

పోటీల్లో నేను గెలిచాను, వాళ్లు పెట్టిన టైముకు లోపలే. రాష్ట్ర పోటీలకు వెళ్లాను. అక్కడ చిట్టచివర వచ్చిన ఇద్దరిలో నేనొకదాన్ని. టైము మళ్లీ నా పాత టైమే. తిరుగు రైల్లో సార్ మొహం మాడ్చుకుని, "ఏమైంది నీకు? ఆదోనిలో అంత బాగా పరుగెత్తి ఇక్కడికొచ్చి ఇదేంది?" అని నలుగురిలో అడిగారు. సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "మన గ్రౌండ్ కొలతే తప్పేమో సార్."

సార్ ఆ మాట పైవాళ్లకు చేర్చారు. వారంలోపల అధికారులు స్టీలు టేపు పట్టుకుని వచ్చారు. మా హాస్టల్ పిల్లలమంతా వరసలో నిలబడి ఉన్నాం. ట్రాక్ తక్కువ తేలింది. నూలు తాడును టేపు పక్కన పరిచారు, అదీ తక్కువే. మామ కూర్చుని తాడును వేళ్లతో నలిపి చూశాడు. "పసుపునీళ్లలో తడిపినా సార్. ముడుచుకున్నట్లుంది," అన్నాడు. పత్తి ఊళ్లో ఉంటూ నూలు ముడుచుకుంటుందని తెలియదా అని వాళ్లలో ఒకాయన పకపకా నవ్వాడు.

"గీసినాక ఎవరినైనా పరుగెత్తించి చూశావా? ఎవరూ తేడా చెప్పలేదా?" అని ఇంకొకాయన అడిగాడు.

మామ తలెత్తి మా వరస వైపు చూశాడు. నన్నే చూశాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

"ఎవురూ సెప్పలే సార్. తప్పు నాదే."

ఆ రోజు నుంచి గీతలు వేసే పని ఇంకొకరికిచ్చారు. మామకు గేటు తాళాలు, గ్యాలరీ ఊడ్చే పని మిగిలాయి. కొత్తగా వచ్చిన పనివాళ్లు కూడా ఆయన్ని కొలత మామా అని ఎగతాళి పట్టించేవాళ్లు. నేను గేటు దాటేటప్పుడల్లా, "ఏం పాపా, అన్నం తిన్న్యావా?" అని ముందులాగే అడిగేవాడు. ఒక్కసారైనా తిట్టి ఉంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్నేమో. తిట్టలేదు. నాకది వీలైపోయింది.

సీటు రాలేదు. ఆ ఏడు బెంగళూరు పోయి తమ్ముణ్ని చూసుకున్నాను. మళ్లీ వచ్చి చదువుకుని, ఎన్నేళ్లకో వ్యాయామ టీచర్‌నయ్యాను. మా పిల్లలను పోటీలకు స్టేడియానికి తీసుకెళ్లిన ప్రతిసారీ ఆయన గేటు దగ్గర ఉండేవాడు. చెప్పాలనుకునేదాన్ని. పిల్లలున్నారు, ఈసారి కాదు. ఎండగా ఉంది, ఈసారి కాదు. పనిలోంచి దిగిపోయి ఎమ్మిగనూరు చేరాక, ఒకసారి అక్కడి బస్టాండులో కనిపించాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు.

"మీ బళ్లో గీతలు ఎవురు ఏస్తారు పాపా?" అన్నాడు.

"నేనే మామా."

"దేంతో కొలుస్తావు?"

"టేపుతో."

"మంచి పని సేస్తాండావు," అన్నాడు. అంతలో నా బస్సు వచ్చింది, ఎక్కేశాను. అరగంటకో బస్సున్న దారి అది. ఆ తర్వాతి బస్సుకు పోయి ఉండొచ్చు. ఎన్నిసార్లు తలుచుకున్నా నా మనసు అక్కడే ఆగిపోతుంది.

ఆయన పోయిన ఐదో రోజు ఎమ్మిగనూరు వెళ్లాను. మగ్గాల చప్పుడు వినిపించే సందు. మామ భార్య, అత్త, గడపలో కూర్చుని ఉంది. మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. నన్ను గుర్తుపట్టలేదు. స్టేడియంలో పరుగెత్తేదాన్నని చెప్పి, పక్కన కూర్చుని, తాడు సంగతి, ఆయన నన్ను అడిగిన సంగతి, నేను చెప్పిన అబద్ధం, ఏదీ దాచకుండా చెప్పాను. అయిపోయాక అత్త నా మొహంలోకి చూసింది.

"నువ్వేనా ఆ పాప?" అంది.

తలూపాను.

"ఒక పాపను అడిగినా, సరిగ్గుందనె, అనేటోడు. యా పాప అంటే సెప్పేటోడు కాదు. ఎన్నితూర్లు అడిగినానో. నూలు తడిస్తే ముడుచుకుంటాదని మా ఇండ్లల్లో సంటిబిడ్డకు గూడా తెలుసు. అట్లాంటిది నా మొగుడే ఆ పని సేసినాడని నాకు తల తీసేసినట్లుండె. ఆయప్ప ఎవుర్నీ అడగలేదు, తప్పు కప్పుకునేకి పాపను అడ్డం పెడతాండాడు అనుకున్నా. ఆయప్ప మొకం మీదనే అన్యా. పోయేంతవరకూ అట్లనే అనుకున్నా."

క్షమించమని అడగబోయాను. ఆ మాట అక్కడ ఎంత చిన్నదో నోరు తెరిచాక తెలిసింది. అత్త మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఓదారుస్తుందనుకున్నాను, సిగ్గు లేకుండా. ఆమె నా చెయ్యి పట్టుకుని వీధిలోకి తెచ్చింది.

"నాకొక్కదానికి సెప్తే ఏమొస్తాది? ఈ సందులో అందరికీ తెలుసు ఆయప్ప కత. వాళ్లకు సెప్పు."

ఎదురింటి అరుగు మీద ఇద్దరాడవాళ్లు నూలు కండెలు చుడుతున్నారు. వాళ్ల పక్కన మామ ఈడు ముసలాయన ఒకడు గోడకానుకుని కూర్చున్నాడు. అత్త పిలిస్తే ముగ్గురూ ఇటు తిరిగారు. నేను నడివీధిలో నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. గొంతు లేవలేదు. సగంలో ఉండగా ముసలాయన చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఏమంటాండాదిమ్మా ఈయమ్మ? నాకు వినపల్యా. ఇంగొంచెం గట్టిగా సెప్పు తల్లీ."

కండెలు చుట్టే చేతులు ఆగాయి. అత్త నావైపు చూడటం లేదు, వాళ్ల మొహాలు చూస్తోంది. ముసలాయన చెయ్యి చెవి వెనక అలాగే ఉంది. నేను ఇంకో రెండడుగులు ముందుకు వేసి, మళ్లీ మొదటినుంచి, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.